జాగ్రత్తగా వాడితే చాలట!

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది. ‘జ్ఞానం’లో మొదటి అక్షరం, ‘జ్ఞా’. దాని మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే చాలు, ఆ కూర్పుని తెరమీద చూపించబోయి మెసేజ్ యాప్ మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూత. అదే కూర్పు నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ నడిపే ప్రోగ్రామే కూలిపోయేది. పత్రికలు దీనికి ‘తెలుగు బగ్’ అని పేరు పెట్టాయి. మనమూ నవ్వుకున్నాం, మన అక్షరానికి ఇంత బలమా అని.

నిజానికి బెంగాలీలోనూ, దేవనాగరిలోనూ కూడా అలాంటి కూర్పులతో అదే జరిగేది. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ని విడుదల చేసింది. ఒక పద్ధతిలో కూర్చిన అక్షరాలు వస్తే మెమరీ పాడయ్యేదనీ, ఇన్‌పుట్‌ని మరింత సరిగ్గా తనిఖీ చేసేలా మార్చామనీ భద్రతా నోట్‌లో రాసుకుంది. అంటే తప్పు అక్షరానిది కాదు. వచ్చినదాన్ని సరిగ్గా చూసుకోకుండా మెమరీ మీద చెయ్యేసిన కోడ్‌ది. అయినా పేరు మాత్రం తెలుగుకే వచ్చింది.

ఈ వ్యాసం ఆ అక్షరం గురించి కాదు. తప్పు జరిగిన చోటుని వదిలేసి, దానికి అందిన సరుకుదో, దాన్ని పట్టుకున్న మనిషిదో తప్పని తేల్చేసే అలవాటు గురించి. సాఫ్ట్‌వేర్‌లో ఈ అలవాటుకి దాదాపు యాభై ఏళ్ళున్నాయి. దానికొక మర్యాదైన పేరు కూడా ఉంది: జాగ్రత్త.

సీ భాషలో ‘గెట్స్’ అని ఒక ఫంక్షన్ ఉండేది. మీరు ఎప్పుడూ ప్రోగ్రాములు రాసి ఉండకపోయినా ఇది అర్థమవుతుంది. వాడేవాళ్ళు టైప్ చేసిన ఒక లైను అందుకోవాలంటే, ప్రోగ్రాము ముందుగా మెమరీలో కొంత చోటు తీసి పెట్టుకోవాలి. దాన్ని బఫర్ అంటారు, గిన్నె అనుకోండి. గెట్స్‌కి మనం చెప్పగలిగేది ఒక్కటే: గిన్నె ఎక్కడుందో. గిన్నె ఎంతుందో చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే అది అడగదు. ఎంటర్ నొక్కేదాకా పోస్తూనే ఉంటుంది. సోలెడు గిన్నెలో కుంచెడు బియ్యం పోస్తే ఏమవుతుందో వంటింట్లో ఎవరికైనా తెలుసు, నేలపాలవుతాయి. మెమరీలో నేల ఉండదు. పక్క గిన్నె ఉంటుంది.

ఆ పక్కన ఏముంటుందన్నదే అసలు కథ. ఒక ఫంక్షన్ తన పని ముగించుకుని తిరిగి ఎక్కడికి వెళ్ళాలో ఆ చిరునామా చాలాసార్లు అక్కడే, అదే వరసలో ఉంటుంది. పొర్లిన అక్షరాలు దానిమీద పడితే ప్రోగ్రాము వెళ్ళాల్సిన చోటు చెరిగిపోతుంది. పొరపాటున పొర్లితే ప్రోగ్రాము కూలుతుంది, అంతవరకు నయం. ఎంత పొయ్యాలో, ఏం పొయ్యాలో లెక్కవేసుకుని మరీ పోసినవాడు అయితే, ఆ చిరునామా అతను రాసిందే అవుతుంది. అప్పట్నించి ఆ కంప్యూటర్ అతను చెప్పినట్టు వింటుంది.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ విద్యార్థి అయిన రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్ అప్పటి ఇంటర్నెట్‌ని స్తంభింపజేసింది. సుమారు 60,000 యంత్రాలున్న ఇంటర్నెట్‌లో 6,000 దాకా దానికి దొరికాయని అప్పటి అంచనా. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే చిన్న సర్వీసు. ఆ సర్వీసులో 512 బైట్ల బఫర్ ఉంది, దాన్ని నింపేది గెట్స్. వర్మ్ 536 బైట్లు పంపింది. ఎక్కువైనవి ఇరవై నాలుగంటే ఇరవై నాలుగే బైట్లు. ఈ వాక్యం అంత కూడా ఉండదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. మోరిస్‌కి 1990లో శిక్ష పడింది: మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, పదివేల డాలర్ల పైన జరిమానా. సరే, చేసినదానికి పడింది. గెట్స్‌కి ఏం పడింది? వర్మ్ వచ్చిన మరుసటి ఏడాది, 1989లో, సీ భాషకి మొట్టమొదటి అధికారిక ప్రమాణం వెలువడింది. అందులో గెట్స్ దర్జాగా ఉంది. 1999 ప్రమాణంలోనూ ఉంది. తొలగించింది 2011 ప్రమాణంలో. మనిషిని శిక్షించడానికి రెండేళ్ళు పట్టింది, ఫంక్షన్ని తీసెయ్యడానికి ఇరవై మూడేళ్ళు. ఈ మధ్యకాలంలో యూనిక్స్ మాన్యువళ్ళు దీన్ని వాడొద్దని రాస్తూనే ఉన్నాయి, టూల్స్ ఇది ప్రమాదకరమని హెచ్చరిస్తూనే ఉన్నాయి. ‘వాడొద్దు’ అని రాసిపెట్టి మరీ అమ్మకానికి ఉంచారన్నమాట.

ఎందుకు ఉంచారంటే, పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని ఒక కారణం. ఆ కారణానికి కొంత విలువుంది. కానీ దాని వెనక ఇంకోటి ఉంది, అది ఈ వృత్తిలో నరనరానా ఉంది: కత్తి తప్పేముంది, పట్టుకున్న చెయ్యి చూసుకోవాలి. మంచి ప్రోగ్రామర్ జాగ్రత్తగా వాడతాడు, చేతకానివాళ్ళకే ఈ బాధలన్నీ.

గెట్స్ విషయంలో ఈ మాట పచ్చి అబద్ధం. అవతల టైప్ చేసేది నేను కాదు, ఎవరో. వాళ్ళు ఎంత పొడుగు టైప్ చేస్తారో నాకు తెలీదు, ఎక్కడ ఆపాలో గెట్స్‌కి తెలీదు. ఎంత గొప్ప ప్రోగ్రామరైనా ఇందులో జాగ్రత్త పడటానికి చోటే లేదు. పిడి లేని కత్తి ఇది, రెండువైపులా అంచే.

మిగతా కుటుంబం సంగతి కొంచెం వేరు. ‘స్ట్రింగ్ కాపీ’ ఒక చోటి అక్షరాలని ఇంకో చోటికి నకలు చేస్తుంది. ‘స్ట్రింగ్ క్యాట్’ ఒకదాని చివర ఇంకోటి అతికిస్తుంది. ‘ఎస్ ప్రింటెఫ్’ ముక్కలన్నీ కలిపి ఒక వాక్యంగా కూర్చి ఒక బఫర్లో పెడుతుంది. వీటిలో ఏదీ గిన్నె కొలత అడగదు. వీటిని సురక్షితంగా వాడటం సాధ్యమే, కాదనను. కానీ ఆ భద్రత ఆ లైన్లో ఉండదు. యాభై లైన్ల పైన చేసిన ఒక తనిఖీలో ఉంటుంది, లేదా వేరే ఫైల్లో, లేదా రాసినవాడి బుర్రలో. మూడేళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చి, మెమరీ ఆదా చెయ్యమన్నారు కదా అని 64ని 32 చేస్తారు. స్ట్రింగ్ కాపీ ఉన్న లైను మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అయినా నిన్నటిదాకా సరైన ఆ లైను ఇవాళ్టినుంచి తప్పు.

ఇది చదివే మీకు, అంటే వాక్యాలతో పనిపడేవాళ్ళకి, ఈ ఇబ్బంది కొత్త కాదు. రచయిత పక్కన నిలబడి ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని వివరిస్తే తప్ప అర్థం కాని వాక్యాన్ని మీరు మంచి వాక్యం అనరు. కోడ్ కూడా పుస్తకంలాగే, రాసినవాళ్ళు వెళ్ళిపోయాక బతకాల్సినది. ఉద్యోగాలు మారతారు, కంపెనీలు అమ్ముడుపోతాయి, కోడ్ ఉండిపోతుంది. రాసినవాడి జ్ఞాపకం తోడుంటే తప్ప నిలబడని లైను, అతను ఎంత మేధావి అయినా సరే, చెడ్డ లైను.

జాగ్రత్తని ఇంకో రంగంలో ఎలా చూస్తారో చెప్తాను. ఒకే పట్టా ఉన్న రైలు మార్గంలో రెండు స్టేషన్ల మధ్య ఎదురెదురుగా రెండు బళ్ళు రాకూడదు. మన రైల్వేల్లో దీనికోసం ఎన్నో ఏళ్ళు బాల్ టోకెన్ యంత్రాలు వాడారు. రెండు స్టేషన్లలోని యంత్రాలు తీగతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక బంతి బయటికొచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా ఇంకో బంతి రాదు. బంతి చేతికందకుండా డ్రైవరు ఆ సెక్షన్లోకి వెళ్ళకూడదు. ప్లాట్‌ఫాం చివర నిలబడి, వెళ్తున్న ఇంజన్‌కి వెదురు రింగుతో సంచీ అందించే మనిషిని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఆ సంచీలో ఉండేది ఈ బంతే. స్టేషన్ మాస్టర్ని ‘బాగా గుర్తుపెట్టుకో’ అని వదిలెయ్యలేదు ఎవరూ. ఆయన మర్చిపోయినా రెండో బంతి రాకుండా కట్టారు. ఆయన తెలివిని ఇది అవమానించడం అని ఏ స్టేషన్ మాస్టరూ అలగలేదు.

అలిగేది మా వృత్తిలోనే. 1998లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు గిన్నె కొలత అడిగి, అంతకి మించి పొయ్యకుండా, చివర ముగింపు గుర్తు తప్పకుండా పెట్టే ‘స్ట్రింగ్ ఎల్ కాపీ’ అనే ఫంక్షన్ తెచ్చారు. లినక్స్ ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం ఆధారపడే జీలిబ్‌సీ లైబ్రరీ నిర్వాహకులు దాన్ని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. సరిగ్గా రాసేవాడికి తన స్ట్రింగ్ పొడవెంతో ఎప్పుడూ తెలిసే ఉంటుంది, వీటి అవసరం రాదు అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. చివరికి ఒప్పుకుని చేర్చుకున్నది 2023 ఆగస్టులో. పాతికేళ్ళు! ఆ ఫంక్షన్లో లోపాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ‘సరిగ్గా రాసేవాడు’ అనే కల్పిత వ్యక్తి కోసం, సరిగ్గా రాయని రోజులు కూడా ఉండే నిజం మనుషులందరినీ పాతికేళ్ళు ఆపారు.

ఇక వేగం. తనిఖీలు పెడితే నెమ్మదవుతుంది అంటారు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ నడిచిన తొలి పీడీపీ-11 యంత్రంలో మొత్తం మెమరీ 24 కిలోబైట్లు. అలాంటిచోట పుట్టిన భాష ప్రతి బైటునీ పిసినారిలా లెక్కపెట్టిందంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ అంతకి పదేళ్ళ ముందే ఇంకో దారి ఉంది. టోనీ హోర్ 1980లో ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో చెప్పిన సంగతి ఇది. అరవైల్లో తమ ఆల్గాల్ కంపైలర్ అర్రే హద్దులని ప్రతిసారీ తనిఖీ చేసేది. వేగం కోసం ఆ తనిఖీ ఆపేసే వీలు కావాలా అని కస్టమర్లనే అడిగారట. వద్దంటే వద్దన్నారు అందరూ, ఎందుకంటే ఆ తనిఖీ రోజూ ఎన్ని తప్పులు పట్టుకుంటోందో వాళ్ళకి తెలుసు. మరే ఇంజనీరింగ్ శాఖలోనైనా ఇంత చిన్న జాగ్రత్త పాటించకపోతే అది ఎప్పుడో చట్టవిరుద్ధమై ఉండేదన్నాడు హోర్. గమనించండి, ఆయన చెప్పిన జాగ్రత్త యంత్రం తీసుకునేది, మనిషి మీద రుద్దేది కాదు.

ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోన్లలో గిగాబైట్లకి గిగాబైట్లు మెమరీ. ఒక సినిమా చూస్తూ, పాట దించుకుంటూ, నాలుగు ప్రకటనలు భరిస్తూ కూడా ఫోన్ వేడెక్కదు. అయినా ‘ఒక్క పోలిక ఎక్కువ చేస్తే నెమ్మదిస్తుంది’ అంటే ఏం చెప్పాలి?

ఈ గొడవలో తెలుగుకి ఒక ప్రత్యేకమైన నష్టం ఉంది. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ లోపల ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కొక్క గుర్తుకీ మూడు బైట్లు, మొత్తం 18. ఇంగ్లీషులో అదే మాటకి ఆరు బైట్లు చాలు. ‘పేరుకి పది బైట్లు చాలవా ఏంటి’ అని ఇంగ్లీషుని మనసులో పెట్టుకుని కొలిచిన గిన్నెలో స్ట్రింగ్ కాపీతో ‘తెలుగు’ పోస్తే, అది పొంగి పొర్లుతుంది. ఇక్కడ దాడి చేసినవాళ్ళెవరూ లేరు, తన భాషలో తన మాట రాసుకున్న మనిషి తప్ప.

సరే, స్ట్రింగ్ కాపీ చెడ్డది కాబట్టి ‘స్ట్రింగ్ ఎన్ కాపీ’ పెట్టాం అంటారు. ఎన్నో కోడ్ బేసుల్లో ఇదే చేశారు: పాత పేరు వెతుకు, కొత్త పేరు పెట్టు, ఆడిట్‌లో టిక్కు కొట్టు. ఈ స్ట్రింగ్ ఎన్ కాపీ అసలు దీనికోసం పుట్టిందే కాదు. పాత యూనిక్స్‌లో ఫైలు పేరుకి సరిగ్గా 14 బైట్ల గడి ఉండేది, ఆ గడి నింపడానికి చేసింది. ఇచ్చినది గడికి సమానంగానో పెద్దగానో ఉంటే చివర ముగింపు గుర్తు పెట్టదు. పది బైట్ల గిన్నెలోకి దాంతో ‘తెలుగు’ పోస్తే ‘తెల’ పడుతుంది, కొమ్ములో మూడోవంతు పడుతుంది, ముగింపు పడదు. తర్వాత దాన్ని చదివేవాడు ఎక్కడ ఆగాలో తెలీక పక్క గిన్నెలోవి కూడా చదువుకుంటూ పోతాడు. రాయడంలో జరగాల్సిన ప్రమాదాన్ని తీసుకెళ్ళి చదవడంలో పెట్టాం, అంతే.

కాబట్టి నిషేధాల జాబితాని ఎగతాళి చేసేవాళ్ళ వాదనలో ఒక ముక్క నిజం. పేర్లు మార్చడం భద్రత కాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ దీనికి పెద్ద సాక్ష్యం. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఆ తప్పు జరిగిన చోట వాడిన ‘మెమ్ కాపీ’ ఎన్ని బైట్లు నకలు చెయ్యాలో అడుగుతుంది. అడిగితే ఏం లాభం? ఆ సంఖ్యని అవతలివాడు పంపిన సందేశంలోంచే తీసి, సరిచూడకుండా ఇచ్చారు. ‘నేను పంపింది ఇంత పొడుగు’ అని అవతలివాడు అబద్ధం చెప్తే, సర్వర్ తన మెమరీలోంచి ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా తీసి వాడి చేతిలో పెట్టింది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, తాళాలే ఉండొచ్చు. ఆ కోడ్ అలాగే రెండేళ్ళు ప్రపంచమంతా నడిచింది.

కానీ దీన్నుంచి ‘జాబితాలు దండగ, మనుషులే జాగ్రత్తగా ఉండాలి’ అనే ముగింపుకి ఎలా వస్తారో నాకు అర్థం కాదు. హార్ట్‌బ్లీడ్ చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. కొలత చెప్పే బాధ్యతని మనిషికి వదిలితే, చెప్పకపోవడమో తప్పు చెప్పడమో ఏదో ఒకటి జరుగుతుంది. గిన్నె తన కొలతని తనే మోసుకుని తిరగాలి, మీరితే యంత్రమే ఆపాలి. అది చేసే భాషలున్నాయి. జాబితా గమ్యం కాదు, అటు వెళ్ళే దారిలో మొదటి మెట్టు. మొదటి మెట్టు చిన్నదని ఎక్కడం మానేస్తామా?

జాబితా పనిచెయ్యాలంటే అది సలహాగా ఉండకూడదు. మైక్రోసాఫ్ట్ ఈ పాఠం దెబ్బలు తిని నేర్చుకుంది. 2003 జనవరిలో స్లామర్ అనే వర్మ్, మొత్తం కలిపి 376 బైట్లు, వాళ్ళ ఎస్‌క్యూఎల్ సర్వర్లో ఇలాంటి పొర్లింత పట్టుకునే నిమిషాల్లో ప్రపంచం చుట్టేసింది. ఆ సంస్థ తన ప్రోగ్రామర్లకి నిషిద్ధ ఫంక్షన్ల జాబితా పెట్టింది, స్ట్రింగ్ కాపీ కుటుంబమంతా అందులో ఉంది. 2018లో గిట్ రాసేవాళ్ళు ఇంకా నిక్కచ్చిగా చేశారు. వాళ్ళ కోడ్‌లో స్ట్రింగ్ కాపీ అని రాస్తే హెచ్చరిక రాదు, అసలు కంపైలే కాదు. ‘క్షమించాలి, ఇది నిషిద్ధం’ అన్న అర్థంతో ఎర్రర్ వస్తుంది. ఎవరు సీనియర్, ఎవరు నిన్న చేరారు అని అది చూడదు. నాకు నచ్చినది అదే. ఇదే నియమం మీటింగులో మనిషి చెప్తే అవమానం అవుతుంది, కంపైలర్ చెప్తే వ్యాకరణం అవుతుంది.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాదులో రాసిన కోడ్ ఇవాళ ప్రపంచమంతా నడుస్తోంది, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, ఫోన్లలో. ఆ రాసేవాళ్ళలో చాలామందికి మొదటి ప్రోగ్రామింగ్ పాఠం మన రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో, సీ భాషలోనే. ఆ పాఠం ఏళ్ళ తరబడి నడిచింది, కొన్నిచోట్ల ఇప్పటికీ నడుస్తోంది, నీలం తెర టర్బో సీ ప్లస్ ప్లస్‌లో. తొంభైల మొదట్లోని డాస్ సరుకు అది. ‘క్లియర్ స్క్రీన్’ రాయకపోతే రికార్డులో మార్కులు పోతాయి. గెట్స్ రాస్తే పోవు.

వైవాలో అడిగే పాత ప్రశ్న ఒకటుంది: స్కానెఫ్‌కీ గెట్స్‌కీ తేడా ఏమిటి? ఆశించే జవాబు, స్కానెఫ్ ఖాళీ దగ్గర ఆగిపోతుంది, గెట్స్ పూర్తి లైను తీసుకుంటుంది. పూర్తి మార్కులు. రెండిటికీ ఉన్న పోలిక మాత్రం ఎవరూ అడగరు: మామూలుగా నేర్పే పద్ధతిలో వాడితే రెండూ గిన్నె కొలత పట్టించుకోవు. పైగా ఆ పాత డాస్ వాతావరణంలో మెమరీకి కాపలా ఉండదు. పది బైట్ల చోటులో పన్నెండు పోసినా చాలాసార్లు ఏమీ అయినట్టు కనబడదు. ‘వర్క్ అయింది సార్’ అంటాడు కుర్రాడు. సార్ సంతకం పెడతాడు. అదే ఇవాళ్టి కంపైలర్లో తగిన టూల్ పెట్టి నడిపితే, పదకొండో బైటు దగ్గరే ఆపి, ఏ లైన్లో పొర్లిందో చెప్తుంది. ఆ టూల్స్ ఉచితం. ల్యాబులో ఒక మధ్యాహ్నం పని. చెయ్యకపోవడానికి ఉన్న కారణం, పాత రికార్డు ఉందిగా అనడమే.

ఇక్కడ కూడా చివరికి తిట్టు పడేది కుర్రాడి మీదే. ఉద్యోగంలో చేరాక వాడు స్ట్రింగ్ కాపీ రాస్తే, ‘ఈ బ్యాచ్‌లకి బేసిక్స్ రావు’ అంటారు. బేసిక్స్ వచ్చినందుకే రాశాడండీ వాడు! అతనికి బేసిక్స్ అని నేర్పినవే అవి. తుప్పుపట్టిన పనిముట్టు చేతికిచ్చి, తెగినప్పుడు చేతిని తప్పుపట్టే పద్ధతి మనకి ఇంకా చాలాచోట్ల అలవాటే. మ్యాన్‌హోల్లో దిగే మనిషికి ‘జాగ్రత్త’ చెప్పి పంపే ఊళ్ళు మనవి. ప్రోగ్రామర్ ఏసీ గదిలో ఉంటాడు, అతని ప్రాణానికి ముప్పు లేదు, కాబట్టి రెండూ ఒకటని అనను. కానీ ఆ మాట చేసే పని రెండుచోట్లా ఒకటే: పై వాళ్ళు పెట్టాల్సిన ఖర్చుని కింది మనిషి శ్రద్ధ మీదికి తోసెయ్యడం.

అయితే కోడ్ విషయంలో నష్టపోయేది ఆ కింది మనిషి కూడా కాదు. 2019లో వాట్సాప్ కాల్స్ నడిపే భాగంలో బఫర్ పొంగే లోపం బయటపడింది. కాల్ ఎత్తక్కర్లేదు, కాల్ వస్తే చాలు, ఫోన్ అవతలివాళ్ళది అయిపోతుంది. ఇజ్రాయెల్ సంస్థ ఎన్ఎస్ఓ తయారుచేసిన పెగాసస్ ఆ దారిన సుమారు 1,400 ఫోన్ల మీదికి వెళ్ళిందని వాట్సాప్ కేసు వేసింది. ఆ గురిలో మన దేశపు జర్నలిస్టులూ, హక్కుల కార్యకర్తలూ ఉన్నారని ఆ సంస్థే చెప్పింది. 1988లో ఒక కుర్రాడి ప్రయోగానికి ఉపయోగపడ్డ జాతి తప్పే, ముప్పై ఏళ్ళ తర్వాత, కేసులు వాదించేవాళ్ళ, వార్తలు రాసేవాళ్ళ ఫోన్లలోకి తొంగిచూడటానికి కొనుక్కోగలిగే సరుకైంది. వాళ్ళు ఏం జాగ్రత్త పడాల్సింది? ఫోన్ మోగకుండా చూసుకోవాల్సిందా?

మారదు అనుకోవడానికి కూడా లేదు. తాము సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2019లో చెప్పారు. ఆ ఏడాదే ఆండ్రాయిడ్‌లో ఆ వాటా 76 శాతం. కొత్త కోడ్‌ని వీలైనంతవరకు రస్ట్ లాంటి, హద్దులు తామే చూసుకునే భాషల్లో రాయాలని వాళ్ళు నిర్ణయించుకున్నారు. పాతదంతా తిరగరాయలేదు, కొత్తగా తప్పులు పొయ్యడం ఆపారు. 2024కి ఆ వాటా 24 శాతానికి దిగింది. ఈ అయిదేళ్ళలో ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లు హఠాత్తుగా జాగ్రత్తపరులైపోలేదు. జాగ్రత్త అవసరమయ్యే చోట్లు తగ్గాయి.

కాబట్టి అడగాల్సినవి పెద్దవేం కాదు. సీలో రాయక తప్పని చోట, కొలత అడగని ఫంక్షన్లు కంపైల్ కాకూడదు. హెచ్చరిక కాదు, ఎర్రర్. వాటి స్థానంలో వచ్చేది పేరు మార్చుకున్న పాతదేనా, నిజంగా హద్దు పాటించి, తెగిపోతే తెగిందని చెప్పేదా అని చూడాలి. కొత్తగా మొదలుపెట్టేది హద్దులు చూసుకునే భాషలో మొదలవ్వాలి. మన సిలబస్‌లోంచి గెట్స్ పోవాలి, దాంతోపాటు నీలం తెర కూడా. సీని తీసెయ్యమనటం లేదు. బఫర్ ఎలా పొంగుతుందో ల్యాబులో పొంగించి చూపించమంటున్నాను, మొదటి సెమిస్టర్‌లోనే. పరీక్షలో ఇంగ్లీషు పేరుతో పాటు ఒక తెలుగు పేరు ఇచ్చి, దీనికి ఎంత చోటు కావాలి అని ఒక్క ప్రశ్న అడగమంటున్నాను.

ఇవేవీ చెయ్యకుండా ‘జాగ్రత్తగా రాయండి’ అని చెప్పే ప్రతి మేనేజరూ, ప్రతి లెక్చరరూ, ప్రతి ప్రమాణాల కమిటీ సభ్యుడూ ఒక ఖర్చు తప్పించుకుంటున్నాడు. ఆ బిల్లు రద్దవదు. కోడ్ అంటే ఏమిటో తెలియని, దాన్ని ఎప్పుడూ చూడబోని ఎవరి చేతికో వెళ్తుంది.